లెక్క రాసేది మనం, సాఫ్ట్‌వేర్ ఎంచేది వాళ్ళా?

మూడేళ్ళ కిందట, సంక్రాంతి వెళ్ళిన వారం. మా హాల్లో టీపాయ్ చుట్టూ నలుగురు మగవాళ్ళు కూర్చున్నారు. మా వారు, మా మరిది, మా ఆడిటరు గారు, ఆయన వెంటబెట్టుకొచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు. మా ఎరువుల కొట్టుకీ పొలానికీ కలిపి ఏ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలా అని చర్చ. నేను రెండుసార్లు కాఫీలిచ్చాను, ఒకసారి జంతికలు పెట్టాను. గంటన్నర మాట్లాడుకున్నారు. ల్యాప్‌టాప్‌లో రంగురంగుల గ్రాఫులు చూశారు. అడ్వాన్సు చెక్కు రాయడం కూడా అయిపోయాక ఆ కుర్రాడికి ఒక సందేహం వచ్చింది.

"రోజూ ఎంట్రీలు ఎవరు వేస్తారు సార్?"

"ఇంకెవరు, మా ఆవిడే" అన్నారు మా వారు.

"ఏం ఫరవాలేదు, చాలా ఈజీ. మేడమ్‌కి రెండు గంటల్లో నేర్పించేస్తాం."

అప్పటికి పధ్నాలుగేళ్ళుగా ఆ కొట్టు లెక్కలు రాస్తున్నది నేనే. పొద్దున చిట్టా, రాత్రి ఆవర్జా. ఎవరు ఎంత అరువు పట్టుకెళ్ళారు, ఎవరు సార్వా కోతలయ్యాక ఇస్తామన్నారు, ఎవరు దాళ్వా దాకా ఆగమన్నారు, అన్నీ నా చేతి రాతే. నలుగురిలో ఒక్కరికీ "నీకేం కావాలి?" అని నన్ను అడగాలని తోచలేదు. నేనూ నోరు విప్పలేదు. ఆ తప్పు నాదే. మీరు ఆ తప్పు చెయ్యకూడదనే ఇదంతా రాస్తున్నాను.

తర్వాత ఏం జరిగిందో చెబుతాను. వచ్చిన సాఫ్ట్‌వేర్ చెడ్డదని అనను. దాంట్లో లేనిది లేదు. పది బ్రాంచీలున్న వ్యాపారానికీ, విదేశాలకి ఎగుమతికీ, ఇద్దరు ముగ్గురు మేనేజర్లు సంతకాలు పెట్టే ఆర్డర్లకీ ఏర్పాట్లున్నాయి. కానీ మా కొట్టుకొచ్చే మనిషి పేరు రాయాలంటే ముందు మొబైల్ నంబరు అడుగుతుంది. మా దగ్గర ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ముగ్గురున్నారు. చిట్టాలో ఒకర్ని చెరువుగట్టు అని, ఒకర్ని మిల్లు వెనక అని, ఒకర్ని పొడుగాయన అని రాసుకునేదాన్ని. ఆ ముగ్గురిలో ఇద్దరు తమ కొడుకుల నంబర్లు ఇచ్చారు, ఆ కొడుకులు హైదరాబాదులో ఉంటారు. బాకీ గుర్తుచేసే మెసేజీలు వాళ్ళకి వెళ్ళాయి. "మా నాన్న పరువు తీస్తారా" అని ఒకబ్బాయి ఫోన్ చేసి అరిచాడు.

ఆ సాఫ్ట్‌వేర్ దృష్టిలో 30 రోజులు దాటిన బాకీ అంటే ఎర్ర రంగు. మా ఊళ్ళో బాకీకి నెలలు లేవు, మాసూళ్ళే ఉన్నాయి. ఊడ్పుల్లో తీసుకున్న బస్తాకి డబ్బు వచ్చేది ధాన్యం అమ్మాకే. ఆగస్టుకల్లా స్క్రీను మొత్తం నెత్తురు చిందినట్టు ఎర్రగా అయిపోయింది. ఎవరు నిజంగా ఎగ్గొడుతున్నారో, ఎవరు మామూలుగా కోతల కోసం చూస్తున్నారో దాన్ని బట్టి తేల్చుకోవడం నా వల్ల కాలేదు. అందుకని ఏం చేశానంటే, పగలంతా కంప్యూటర్లో కొట్టి, రాత్రి అన్నాలయ్యాక మళ్ళీ పాత పుస్తకంలో రాసుకున్నాను. దానికి తోడు ఎరువులమ్మే ప్రతి కొట్టులో ప్రభుత్వం ఇచ్చిన పాస్ మిషనొకటి ఉంటుంది, రైతు ఆధార్ మీద బస్తా అమ్మాలి. అంటే ఒకే బస్తాని మూడుసార్లు రాయడం అన్నమాట. మార్చి వచ్చేసరికి ఆడిటరు గారికి పంపిన లెక్కలో స్టాకు కలవలేదు. మా వారు అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "అంత ఖర్చుపెట్టి కొన్నాం, నీకు కంప్యూటర్ రాక పాడైంది."

అమ్మలూ, ఈ మాట మీలో ఎంతమంది విన్నారు? వస్తువు వాళ్ళు కొంటారు, వాడేది మనం, పాడైతే మనకి రాదంటారు. మిక్సీ నించి మొదలుపెట్టి ఇదే వరస.

ఆడవాళ్ళకి లెక్కలు రావనే మాట తెలుగు నేల మీద అనడానికి సిగ్గుండాలి. డ్వాక్రా సంఘాలు వచ్చి ఎన్నేళ్ళయింది? ఆ సంఘాలు పాటించే పంచసూత్రాల్లో పుస్తకాలు సరిగ్గా రాయడం ఒకటి. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు ఎంత ముఖ్యమో లెక్కల పుస్తకం అంత ముఖ్యం. ఐదో తరగతి దాటని ఆడవాళ్ళు పదిమంది పొదుపులు, వడ్డీలు, కంతులు పైసా తేడా లేకుండా రాయించుకుని, చదివించుకుని, సంతకం పెడుతున్నారు. బ్యాంకులు ఆ పుస్తకాలు చూసి లక్షల్లో అప్పులిస్తున్నాయి. లెక్క మనకి కొత్త కాదు. ఎంచుకునే హక్కే కొత్త.

ఇంకో సంగతి. మన దేశంలో అకౌంట్ల సాఫ్ట్‌వేర్ అంటే ముందు గుర్తొచ్చే పేరు ట్యాలీ. అదెలా పుట్టింది? మిల్లులకీ ఫ్యాక్టరీలకీ సరుకు, విడిభాగాలు అమ్మే శ్యామ్ సుందర్ గోయెంకా గారికి తన వ్యాపారానికి సరిపడే సాఫ్ట్‌వేర్ దొరకలేదు. కొడుకు భరత్ గోయెంకాని తన కోసం ఒకటి రాయమన్నారు. 1986లో బెంగళూరులో అలా మొదలైంది. వాడే మనిషి "నాకు ఇది సరిపడలేదు, నాకు కావలసింది ఇదీ" అని అడిగాడు కాబట్టే అది పుట్టింది. అడిగినవాడు మగవాడు, కొట్టు యజమాని కాబట్టి ముచ్చటగా చెప్పుకుంటాం. అదే మాట నేనంటే "సాగదీస్తున్నావు" అంటారు.

సరే, వాళ్ళ వాదనలు కూడా విందాం.

మొదటిది, "ఆడిటరు గారు చెప్పారు." ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఆయనకి కావలసింది వేరు, నాకు కావలసింది వేరు. ఆయన మా లెక్క నెలకోసారి రిటర్ను కోసం, ఏడాదికోసారి ఆదాయపు పన్ను కోసం చూస్తారు. ఎరువుల మీద 5 శాతం, రసాయన పురుగుమందుల మీద 18 శాతం, విత్తనాల మీద పన్ను లేదు, ఇవి విడివిడిగా వస్తే ఆయన పని సులువు. న్యాయమే. నేను రోజుకి నలభైసార్లు చూస్తాను. గుమ్మంలో నిలబడ్డ మనిషి పాత బాకీ ఎంతో, ఇంకో రెండు బస్తాలు అరువివ్వచ్చో లేదో అర నిమిషంలో తెలియాలి. ఏడాదికి పన్నెండుసార్లు చూసే ఆయన సుఖం కోసం రోజంతా చూసే నేను కష్టపడాలా? నేను ఎంచుకున్న దాంట్లోంచి ఆయనకి కావలసిన కాగితం ఎక్సెల్‌లో తీసి పంపితే చాలు. అడిగితే ఆయనే ఒప్పుకున్నారు. ముందు ఎవరూ అడగలేదు, అంతే.

రెండోది, "పెద్దది కొంటే రేపు పనికొస్తుంది." రేపు ఎగుమతులు చేస్తామా? కంపెనీ పెడతామా? 2023 ఏప్రిల్ 1 నించి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏ పద్దు మార్చారో చెరిగిపోని గుర్తు ఉండి తీరాలని నియమం వచ్చింది. ఆ నియమం చూపించి మా చేత ఖరీదైన రకం కొనిపించారు. మాది కంపెనీ కాదు, మా వారి పేరు మీదున్న కొట్టు. ఆ నియమం మాకు వర్తించదు. పద్దు మార్చిన గుర్తు ఉండటం మంచిదే, నేనూ కోరతాను. కానీ భయపెట్టి అమ్మడం వేరు.

మూడోది, కొందరు ఆడవాళ్ళే అనేది, "ఆ గొడవెందుకు, మన పుస్తకం మనకుంది కదా." ఇక్కడ నేను మీతో కూడా పోట్లాడతాను. పుస్తకం మీద నాకు ప్రేమ ఉంది, భ్రమ లేదు. ఒక తుఫానుకి కొట్టులో నీళ్ళొచ్చి ఆవర్జాలో పద్ధెనిమిది పేజీలు అలుక్కుపోయాయి. గడువు తీరిన పురుగుమందు సీసాలు వెనక అరలో పదకొండు ఉండిపోయాయి, ఏ పుస్తకమూ నన్ను హెచ్చరించలేదు. పైగా జీఎస్టీ నంబరున్న కొట్టు తన లెక్కలు వార్షిక రిటర్ను గడువు నించి 72 నెలలు దాచాలి. ఆరేళ్ళ పుస్తకాలు ఏ అటక మీద పెడతాం, ఎలుకలకి కాపలా ఎవరు? సాఫ్ట్‌వేర్ కావాలి. నా కోసం కొన్నది కావాలి.

అందుకని రెండో ఏడాది నేనే బయల్దేరాను. మా అబ్బాయి ఇంజనీరింగు సెలవులకి వస్తే పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడు "అమ్మా, రివ్యూలు చూద్దాం" అన్నాడు. "రివ్యూ రాసినవాడికి ఎరువుల కొట్టుందా?" అన్నాను. నా పరీక్ష నేనే పెట్టుకున్నాను. పాత చిట్టాలోంచి అన్నిటికన్నా గందరగోళంగా ఉన్న ఒక రోజు తీశాను. ఊడ్పుల రోజది. అరువులు, పాత బాకీలో కొంత జమ, ఒకాయన వెనక్కి తెచ్చిన సీసా, ఒకాయన తమ్ముడి పేరు మీద తీసుకున్న బస్తాలు, టీ ఖర్చు, లారీ హమాలీ, అన్నీ ఉన్నాయి. ఉచితంగా కొన్నాళ్ళు చూడనిచ్చే సాఫ్ట్‌వేర్లు నాలుగు తీసుకుని ఆ ఒక్క రోజుని నాలుగింట్లోనూ కొట్టాను. మా అబ్బాయి గడియారం చూశాడు. ఒకదాంట్లో రెండు గంటలు పట్టింది, ఒకదాంట్లో ముప్పావుగంట. సగం తీర్పు అక్కడే అయిపోయింది.

మిగతా సగానికి నేను చూసినవి ఇవి. పేరు తెలుగులో రాస్తే తీసుకుంటుందా, బిల్లు మీద తెలుగులోనే అచ్చవుతుందా. పురుగుమందు పెట్టెల్లో కొని సీసాల్లో అమ్ముతాం, ఆ లెక్క అదే కట్టుకుంటుందా. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు, రెండూ "బస్తా" అంటే కలిపేస్తుందా. బ్యాచ్ నంబరూ గడువు తేదీ అడుగుతుందా, గడువు దగ్గరపడితే చెబుతుందా. బాకీ గడువు నేను పంటని బట్టి పెట్టుకోవచ్చా. కరెంటు పోయినా, నెట్ లేకపోయినా ఆ పూట బిల్లు కొట్టగలనా. సందేహం వచ్చి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే మనిషి ఎత్తుతాడా.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష, రేపు నేను చందా కట్టకపోతే నా లెక్క నాకిస్తారా? ఇది మాత్రం తప్పకుండా చెయ్యండి. ఉచిత గడువు ఉండగానే మీ లెక్కంతా ఎక్సెల్‌లోకి బయటికి తీసి చూడండి. వచ్చిన ఫైలు తెరిచి, పేర్లూ బాకీలూ తేదీలూ అన్నీ ఉన్నాయో లేదో చూడండి. ఒకదాంట్లో మొత్తాలే వచ్చాయి, వివరం రాలేదు. దాన్ని అక్కడికక్కడే వదిలేశాను. మన ధాన్యం వాళ్ళ గోడౌన్లో పెట్టి, అద్దె కట్టకపోతే ధాన్యం ఇవ్వనంటే ఊరుకుంటామా?

చివరికి ఏది తీసుకున్నానో పేరు చెప్పను. మీది పాల కేంద్రం కావచ్చు, పచ్చళ్ళ వ్యాపారం కావచ్చు, బట్టల కొట్టు కావచ్చు. నాకు సరిపడ్డ జాకెట్టు కొలత మీకెందుకు? కొలత ఎలా తీసుకోవాలో చెప్పాను. మొదట కొన్న దాని కన్నా ఇది తక్కువ ధర అని మాత్రం మా వారికి నెలకోసారి గుర్తుచేస్తుంటాను.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. మాకు తెలిసినావిడ ఒకరున్నారు. వాళ్ళది హార్డ్‌వేర్ కొట్టు. ఆయన బతికుండగా లెక్కలన్నీ ఫోన్లో యాప్‌లో ఉండేవి. పగలు గల్లా దగ్గర కూర్చునేది ఈవిడ, ఎవరు ఏం పట్టుకెళ్ళారో నోటితో చెప్పేది ఈవిడ, ఫోన్ మాత్రం ఆయన జేబులో. ఒక రాత్రి ఆయన గుండెపోటుతో పోయారు. పదో రోజు నాటికి బాకీల సంగతి చూద్దామంటే ఫోన్ తాళం తియ్యడం ఎవరికీ తెలీదు. ఎలాగో తీస్తే యాప్ పాస్‌వర్డ్ తెలీదు. మంచివాళ్ళు కొందరు తమంతట తామే వచ్చి ఇచ్చారు. మిగతావాళ్ళు "అన్నకి మొన్ననే ఇచ్చేశానమ్మా" అన్నారు. కాదనడానికి ఆవిడ చేతిలో కాగితం ముక్క లేదు. పాతికేళ్ళు ఆ గల్లా దగ్గర కూర్చున్న మనిషి, తన కొట్టుకి ఎవరెంత బాకీ ఉన్నారో చెప్పలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆవిడ అజాగ్రత్త అంటారా? పాస్‌వర్డ్ అడిగితే "నీకెందుకు" అన్న మాట విని ఉంటుంది. బీరువా తాళాలు మన బొడ్డున దోపి లక్ష్మీదేవి అంటారు. బీరువాలో ఇప్పుడేముంది, నాలుగు పట్టుచీరలు. డబ్బు ఎవరి దగ్గరుందో చెప్పే తాళం వేరే చోటుంది. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, మీ పేరుతో మీకో లాగిన్ ఉండాలి. ఓటీపీ మీ నంబరుకి కూడా రావాలి. నెలకోసారి బాకీల పట్టీ కాగితం మీద అచ్చు తీసి ఇంట్లో పెట్టుకోవాలి. ఇది అనుమానం కాదు, అశుభం అంతకన్నా కాదు. ఇన్సూరెన్సు కట్టినప్పుడు అశుభం అనుకుంటున్నామా?

ఇక పొలం లెక్క. సొంత పొలంలో పండించింది అమ్ముకునే రైతు జీఎస్టీ నంబరు తీసుకోనక్కర్లేదు, వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్నూ లేదు. కాబట్టి "పొలానికి లెక్కెందుకు, ఎవరడుగుతారు" అంటారు మా వారు. ఎవరూ అడగరు కాబట్టే, ఆ లెక్క ఎవరి కోసమో కాదు, మన కోసం.

మద్దతు ధర నిర్ణయించేటప్పుడు ప్రభుత్వం ఖర్చు లెక్క కట్టే పద్ధతులున్నాయి. చేతినించి పోయిన ఖర్చుని ఏ2 అంటారు. దానికి ఇంటివాళ్ళు పొలంలో చేసిన పనికి కూలి కట్టి కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. స్వామినాథన్ గారి రైతు కమిషన్ దగ్గర్నించీ ఏ ఖర్చు మీద ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని జరుగుతున్న గొడవ ఈ అక్షరాల మీదే. ఎఫ్ఎల్ అంటే కుటుంబ శ్రమ. అంటే ఢిల్లీలో కూర్చున్నవాళ్ళ లెక్కలో మన పనికి ఒక గడి ఉంది. మన ఇంట్లో మన చేత్తో రాసే లెక్కలోనే లేదు!

కిందటి సార్వాకి మా నాలుగెకరాల లెక్కలో "ఇంటి కూలి" అని ఒక ఖాతా తెరిచాను. విత్తనం నానబెట్టి మండె కట్టిన దగ్గర్నించి ధాన్యం ఎండబెట్టి ఎత్తేదాకా, పొలం పనికి వెళ్ళిన రోజులు మాత్రమే రాశాను. కూలీలకి వండిన వంట కలపలేదు. ఆయనవి 27 రోజులు, నావి 34. మా వారు చూసి నవ్వి, "నీకు ఆడకూలి రేటు వేశావా, మగకూలి రేటు వేశావా?" అన్నారు. "ఇద్దరికీ 500. ఇది నా సాఫ్ట్‌వేరు" అన్నాను. అంతవరకూ 58,000 లాభమని మురిసిన పంట, 30,500 ఇంటి కూలి తీసేస్తే 27,500కి వచ్చింది. ఆయన నవ్వు ఆగిపోయింది. చాలాసేపు స్క్రీను చూశారు. "అంటే ఇన్నేళ్ళూ మనం తిన్న లాభంలో సగం మన కూలేనా?" అన్నారు. అవును. అందులో ఎక్కువ భాగం నాది. ఆ రాత్రే, పక్కనున్న రెండెకరాలు కౌలుకి తీసుకోవాలన్న ఆలోచన మానుకున్నాం. కాగితం మీద లాభంగా కనిపించిన ఆ కౌలు, నా నడుం మీద నష్టం.

చూశారా, ఒక్క ఖాతా ఎంత పని చేసిందో! ఆ గడి ఏ కుర్రాడూ పెట్టి ఇవ్వడు, ఏ ఆడిటరూ అడగడు. లెక్క రాసే మనిషికి తన పని లెక్కలో ఉండాలని తోచాలి, కొత్త ఖాతా తెరవగలిగే సాఫ్ట్‌వేర్ ఆ మనిషి చేతిలో ఉండాలి.

రేపు మీ ఇంటికి కూడా ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తాడు. కాఫీ ఇవ్వండి, మర్యాద మర్యాదే. ఇచ్చి లోపలికి వెళ్ళిపోకండి. ఇంకో కుర్చీ లాక్కుని కూర్చోండి. మీ చిట్టాలోంచి ఒక గందరగోళం రోజు తీసి ముందు పెట్టి, "బాబూ, ఇది నా ముందు కొట్టి చూపించు" అనండి. అతను కొట్టలేకపోతే చెక్కు రాయకుండా ఆపండి.

మొన్న మా మరిది వాళ్ళ రొయ్యల చెరువు లెక్కలకి ఏదో కొంటామని వచ్చాడు. "వదినా, ఏది మంచిదో చెప్పు" అన్నాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో ఎవరో నన్ను అడిగారు. సంతోషించి, నేను మాత్రం ఒకటే అన్నాను.

"మీ ఆవిణ్ణి తీసుకురా."